చిన్నప్పుడు తలకు కరెంటు పెట్టించుకున్నవారి కోసం

వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు అనంతగిరి అందాల మీద రాద్దామనుకున్నాం. అడవి, పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మా మిత్రుడొకడి తలలో పెరిగిన గడ్డ గురించి రాస్తున్నాం. పేరు వేయొద్దన్నాడు. విషయం మాత్రం తప్పకుండా రాయమన్నాడు.

రాస్తున్నది మేం ముగ్గురం. మాలో ఒకడు ఎక్స్‌రే టెక్నీషియన్, ఒకడు మందుల షాపు నడుపుతున్నాడు, ఒకడు టీచరు. ముగ్గురిలో ఎవరమూ డాక్టర్లం కాదు. పదేళ్ళకు పైగా మా మిత్రుడి వెంట ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ, డాక్టర్లను అడుగుతూ, దొరికింది చదువుతూ తెలుసుకున్న సంగతులివి.

వాడు 1994లో ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరాడు. తాండూరు వైపు బండల గనిలో పనిచేసే కూలీ కొడుకు. నెత్తిన ఒక పక్క జుట్టు పలచగా ఉండేది. దాన్ని పట్టుకుని మేం పెట్టిన పేరు ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మాలో ఒకడితో మెల్లగా అన్నాడు: "చిన్నప్పుడు నాకు రక్తంల జబ్బు అయిందిరా. తలకు కరెంటు పెట్టిన్రు. ఎవ్వలకు చెప్పకు."

కరెంటు పెట్టడం అని మన వైపు అంటాం గానీ అందులో కరెంటేమీ ఉండదు. అది రేడియేషన్. ఆ రోజుల్లో ఎక్కువగా కోబాల్ట్ మిషన్లుండేవి. కోబాల్ట్-60 లోహం నుంచి వచ్చే గామా కిరణాలను జబ్బున్న చోటికి గురిపెట్టేవారు. మనిషికి నొప్పి తెలియదు, మంట ఉండదు. కొద్దిరోజులకు జుట్టు రాలుతుంది, కొందరికి వాంతులవుతాయి.

రక్తంలో జబ్బుకు తల మీద రేడియేషన్ ఎందుకని మాకూ అనుమానం వచ్చింది. లుకేమియా, అంటే రక్త కేన్సర్, మందులకు తగ్గినట్టే తగ్గి మెదడు చుట్టూ దాక్కుంటుంది. నరానికెక్కించే మందులు చాలావరకు మెదడులోకి చేరవు. అక్కడ మిగిలిన కణాలు కొన్ని నెలల తర్వాత మళ్ళీ తల ఎత్తేవి. 1960లకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు దాదాపు అందరూ చనిపోయేవారు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ ఆసుపత్రి డాక్టర్ డొనాల్డ్ పింకెల్, ఆయన తోటివారు మందులతో పాటు తలకు 24 గ్రేల రేడియేషన్ కూడా ఇచ్చి చూశారు. గ్రే అంటే ఒంట్లోకి ఇంకిన రేడియేషన్‌ను కొలిచే కొలత. 1960ల చివరికి సగం మంది పిల్లలు బతకడం మొదలైంది. మన దేశంలో 1980ల నుంచి ముంబై, చెన్నై, ఢిల్లీల్లోని పెద్ద కేన్సర్ ఆసుపత్రుల్లో వాడిన ఎంసీపీ-841 అనే పద్ధతిలో కూడా తలకు రేడియేషన్ ఉండేది. మా మిత్రుడికి ఆరేళ్ళ వయసులో, 1989లో, హైదరాబాద్‌లో పెట్టారు. బతికాడు. మనతో పాటు గోలీలాడాడు, పది పాసయ్యాడు. ఈ మాట ముందు చెప్పడానికి కారణం ఉంది. కింద రాయబోయేది చదివి ఎవరైనా రేడియేషన్ అంటేనే పారిపోతే ఈ వ్యాసం రాసినందుకు మేం తల పట్టుకోవాలి.

2013లో వాడికి తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే ఎక్కువ, మధ్యాహ్నానికి కొంత తగ్గేది. ఊళ్ళో ఆర్ఎంపీ గోళీలిచ్చాడు. పైత్యమన్నారు. కళ్ళజోడు మార్పించారు. బండల షెడ్డులో దుమ్ముకేమో అనుకున్నాడు. ఏడు నెలలు ఇలాగే గడిచాక ఎడమ కాలు ఈడుస్తున్నాడని భార్య గమనించింది. తర్వాత ఒక రాత్రి మూర్ఛ వచ్చింది. హైదరాబాద్‌లో స్కానింగ్ చేస్తే మెదడు కుడివైపు, పైన, నిమ్మకాయంత గడ్డ కనిపించింది. ఎదుటి వైపు శనగగింజంత ఇంకొకటి.

డాక్టరు మొదట అడిగిన ప్రశ్న చిన్నప్పుడేమైనా పెద్ద జబ్బు చేసిందా అని. వాడు లేదన్నాడు. వాళ్ళమ్మ కూడా లేదంది. అప్పుడు మాలో ఒకడికి ఆ రాత్రి చీకట్లో విన్న మాట గుర్తొచ్చి చెప్పేశాడు. వాడు మా వైపు చూసిన చూపు ఇంకా మరవలేదు. బయటికొచ్చాక వాళ్ళమ్మ చెప్పింది, పిల్లను చూసేందుకు పోయేముందు పాత ఆసుపత్రి ఫైలు పొయ్యిలో పెట్టిందట. "కేన్సరు పిలగానికి పిల్లనెవలిస్తరు బిడ్డా" అంది. మేమేం జవాబు చెప్తాం? వైద్యం చేసిన ఆసుపత్రికి వెళ్ళి అడిగితే అంత పాత రికార్డు దొరకలేదన్నారు. ఎన్ని గ్రేలిచ్చారో, ఏ దిక్కు నుంచి ఇచ్చారో ఇప్పటికీ తెలియదు.

ఆ ప్రశ్న డాక్టరు ఎందుకడిగారో తర్వాత అర్థమైంది. మన ప్రాంతంలో తలలో ముద్ద కనబడితే అన్నీ కేన్సర్లు కావు. టీబీ క్రిములు మెదడులో గడ్డ కట్టొచ్చు, బద్దెపురుగు గుడ్ల వల్ల తిత్తులు రావచ్చు. ఇవి మందులతో తగ్గేవి. మన కొండ మీద టీబీ ఆసుపత్రి ఉంది కాబట్టి ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు. రేడియేషన్ పెట్టిన చోటే కొన్నిసార్లు మెదడు కండ చచ్చి, స్కానింగ్‌లో అచ్చం గడ్డలా కనిపిస్తుంది. పాత జబ్బే తిరగబెట్టి ఉండొచ్చు కూడా. వీటిలో ఏదో తేల్చడానికి వెనకటి కథ కావాలి. రేడియేషన్ వల్ల వచ్చిన గడ్డ అనడానికి డాక్టర్లు చూసే గుర్తులు 1948లో కాహన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఎముకల కేన్సర్ల విషయంలో చెప్పినవే. గడ్డ రేడియేషన్ తగిలిన చోటే ఉండాలి, మొదటి జబ్బు రకం కాకూడదు, మధ్యలో చాలినన్ని ఏళ్ళు గడిచి ఉండాలి. వంశంలో గడ్డలు పుట్టించే జన్యు లోపం లేదని కూడా చూస్తారు. మా మిత్రుడికి అన్నీ సరిపోయాయి. మధ్యలో 24 ఏళ్ళు.

ఇది మా ఒక్కడి కథ కాదని చదువుతూ పోతే తెలిసింది. అన్నిటికంటే మా మనసుకు తగిలింది ఇజ్రాయెల్ పిల్లల కథ. హాస్టల్లో ఉన్నవాళ్ళకు తామర సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకడి తువ్వాలు పదిమంది వాడితే నెల తిరగకముందే గది మొత్తానికి అంటుకుంటుంది. తలలో వచ్చే తామరకు గ్రిసియోఫుల్విన్ మాత్ర 1950ల చివర్లో గానీ రాలేదు. అంతకుముందు దేశదేశాల్లో దానికి ఎక్స్‌రే వైద్యమే చేసేవారు. తలను ఐదు భాగాలుగా గుర్తుపెట్టి ఒక్కో భాగానికి ఎక్స్‌రే పట్టేవారు. వెంట్రుకలు మొత్తం రాలిపోతే వాటితో పాటు తామరా పోయేది. ఇజ్రాయెల్‌లో 1948 నుంచి 1960 వరకు ఉత్తర ఆఫ్రికా నుంచి, పడమటి ఆసియా దేశాల నుంచి వలస వచ్చిన వేలాది పిల్లలకు ఇలా చేశారు. ఎక్కువ మంది గుడారాల శిబిరాల్లో ఉన్న బీదవాళ్ళ పిల్లలు. ఏం చేస్తున్నారో చాలామంది తల్లిదండ్రులకు అర్థం కాలేదు.

బరూఖ్ మోడాన్ అనే డాక్టరు, ఆయన తోటివారు అలాంటి 10,800 మందికి పైగా పిల్లల వివరాలు వెతికి పట్టుకుని, అదే వయసున్న మామూలు పిల్లలతో పోల్చారు. 1974లో మొదటి ఫలితాలు, 1988లో ఎలెయిన్ రాన్‌తో కలిసి ఇంకా వివరంగా ప్రచురించారు. మెదడు పొరల మీద పెరిగే మెనింజియోమా గడ్డలు ఆ పిల్లల్లో దాదాపు 9.5 రెట్లు ఎక్కువగా వచ్చాయి. మెదడు లోపలే పుట్టే గ్లయోమాలు 2.6 రెట్లు. వాళ్ళ మెదడుకు తగిలింది సగటున 1.5 గ్రే మాత్రమే. రక్త కేన్సరు పిల్లలకిచ్చిన 24 గ్రేలతో పోలిస్తే ఎంత తక్కువో చూడండి. 1994లో ఆ దేశం బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం చేసింది. అప్పటికి ఆ పిల్లలు నడివయసు దాటుతున్నారు. ఇలా తామర కోసం తలకు ఎక్స్‌రే పట్టించుకున్న పిల్లలు ప్రపంచమంతా కలిపి 2 లక్షల మంది దాకా ఉంటారని అంచనా.

ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది? రేడియేషన్ కణంలోని డీఎన్ఏ పోగును తెంపుతుంది. కేన్సర్ కణం ఆ దెబ్బకు చస్తుంది, మనకు కావాల్సిందీ అదే. పక్కనున్న మంచి కణాలు తెగిన పోగును అతికించుకుంటాయి. బావి దగ్గర చేదతాడు తెగితే చీకట్లో ముడి వేసినట్టు, ఒక్కోసారి ఒక తాడు కొస ఇంకో తాడుకు ముడిపడుతుంది. 22వ క్రోమోజోము మీద ఎన్‌ఎఫ్-2 అనే జన్యువుంది. కణం అదుపు తప్పి పెరగకుండా బ్రేకులా పనిచేస్తుంది. రేడియేషన్ తర్వాత వచ్చిన మెనింజియోమాల్లో కొన్నిటిలో ఈ జన్యువే తెగి తప్పుగా అతుక్కుందని కెనడాలోని టొరంటో శాస్త్రజ్ఞులు 2017లో చూపించారు. బ్రేకు పోయినంత మాత్రాన కణం వెంటనే గడ్డ కాదు. తప్పు మీద తప్పు చేరాలి. దానికి ఏళ్ళు పడుతుంది. ఇజ్రాయెల్ పిల్లల్లో మెనింజియోమా బయటపడటానికి సగటున 36 ఏళ్ళు పట్టింది. ఎక్కువ మోతాదు తగిలిన కేన్సరు పిల్లల్లో ఇంకా త్వరగా వస్తుంది. అమెరికా, కెనడాల్లో 14 వేల మందికి పైగా పిల్లల మీద జరిపిన పరిశీలన 2006లో వచ్చింది. అందులో గ్లయోమాలు మొదటి జబ్బు తర్వాత తొమ్మిదేళ్ళ ప్రాంతంలో, మెనింజియోమాలు పదిహేడేళ్ళ ప్రాంతంలో కనిపించాయి. చికిత్స నాటికి వయసు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ, ఎందుకంటే పెరిగే మెదడులో కణాలు వేగంగా విడిపోతుంటాయి.

లెక్క పూర్తిగా చెప్పాలి కదా. అదే పిల్లల బృందంలో తలకు రేడియేషన్ పెట్టించుకున్న 4,221 మందిని తర్వాత చూస్తే, 40 ఏళ్ళ వయసు వచ్చేసరికి మెనింజియోమా వచ్చినవాళ్ళు నూటికి ఐదారుగురు. ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. అంటే నూటికి తొంభై నలుగురికి ఆ వయసు వరకు రాలేదు. రేడియేషన్ లేకపోతే వీళ్ళలో ఎంతమంది ఆ వయసు చూసేవారో పైన రాశాం.

వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం మెనింజియోమాలే. ఇది మెదడు లోపల పుట్టదు, మెదడును కప్పి ఉన్న పొర మీద పుట్టి లోపలికి నొక్కుతుంది. మామూలుగా వచ్చే మెనింజియోమా నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందికి ఒకటే ఉంటుంది. రేడియేషన్ వల్ల వచ్చేది కొంచెం మొండిది. చిన్న వయసులో వస్తుంది, ఒకటికి మించి ఉండొచ్చు, రెండో గ్రేడువి ఎక్కువ, తీసేసినా మళ్ళీ రావడం ఎక్కువ. గ్లయోమా అయితే కథ వేరు. అది మెదడు కండలోకి వేళ్ళలా పాకుతుంది, పూర్తిగా తీయడం కుదరదు. తీయగలిగినంత తీసి, వీలైతే మళ్ళీ రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు ఇస్తారు. ఫలితం చాలాసార్లు బాగుండదు. దీన్ని తియ్యగా చెప్పే మాటలు మా దగ్గర లేవు.

మెనింజియోమా చిన్నదై, ఏ బాధా పెట్టకుండా ఉంటే కదిలించరు. ఆరు నెలలకో ఏడాదికో ఎమ్మారై తీసి పెరుగుతోందా లేదా చూస్తారు. దీన్ని చూసి ఏ వైద్యమూ చేయలేదని ఇంట్లోవాళ్ళు గొడవపడటం మేం కళ్ళారా చూశాం. కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యమే. పెద్దదైతే, నరాలను నొక్కుతుంటే, పెరుగుతుంటే ఆపరేషన్. ఇక్కడ ఒక చిక్కుంది. రేడియేషన్ తగిలిన నెత్తి చర్మం పలచబడి, రక్తం సరిగా అందక, కుట్లు త్వరగా మానవు. అందుకే పాత రేడియేషన్ సంగతి సర్జనుకు కోతకు ముందే తెలియాలి. మా వాడి కుట్టు ఒక చోట విడిపోయి ఐదు వారాలు పట్టింది.

రేడియేషన్ వల్ల వచ్చిన గడ్డకు మళ్ళీ రేడియేషనా అని మా మిత్రుడే నవ్వుతూ అడిగాడు. పెడతారు. ఇప్పుడు తల మొత్తానికి కాకుండా, అన్ని వైపుల నుంచి సన్నని కిరణాలు గడ్డ మీదనే కలిసేలా గురిపెట్టే మిషన్లున్నాయి. గామా నైఫ్ అని పేరులో కత్తి ఉంది గానీ కోత ఉండదు. వేసవిలో భూతద్దంతో ఎండను ఒక చుక్కలోకి తెచ్చి కాగితం కాల్చేవాళ్ళం గుర్తుందా, అలాంటిదే. చిన్న గడ్డలకు, ఆపరేషన్లో మిగిలిన ముక్కలకు వాడతారు. వెనక ఎన్ని గ్రేలు తగిలాయో తెలిస్తే ఇప్పుడెంత ఇవ్వొచ్చో లెక్క కడతారు. తెలియకపోతే భయపడి తగ్గించాలి, లేదా ఊహించాలి. కాలిపోయిన ఫైలు విలువ మాకు అక్కడ తెలిసింది.

మందుల షాపు మిత్రుడు రెండు మాటలు రాయమంటున్నాడు. వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథసోన్ తలనొప్పిని మాయం చేసినట్టు పోగొడుతుంది. గడ్డ పోలేదు, వాపే తగ్గింది. పాత చీటీ పట్టుకొచ్చి నెలల తరబడి సొంతంగా కొనేవాళ్ళున్నారు, అది ప్రమాదం. మూర్ఛ మాత్రలు కూడా బాగుంది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు.

ఎక్స్‌రే మిత్రుడిదింకో మాట. ఇది చదివి ఛాతీ ఎక్స్‌రేకు, పంటి ఎక్స్‌రేకు భయపడొద్దు. వాటి మోతాదు ఇక్కడ చెప్పినదాని ముందు లెక్కలోకి రాదు. తలకు తీసే సీటీ స్కాన్ అంతకంటే ఎక్కువ. ఐరోపాలో తొమ్మిది దేశాల పిల్లల మీద జరిపిన పరిశీలన 2023లో వచ్చింది. ఒక హెడ్ సీటీ తీయించుకున్న 10,000 మంది పిల్లల్లో, తర్వాతి 5 నుంచి 15 ఏళ్ళలో అదనంగా ఒకరికి మెదడు కేన్సర్ రావచ్చని తేల్చారు. తలకు గట్టి దెబ్బ తగిలితే సీటీ తీయించాల్సిందే. చిన్న తలనొప్పికి మనమే అడిగి తీయించుకోవడం మాత్రం వద్దు. ఎమ్మారైలో, అల్ట్రాసౌండ్‌లో ఇలాంటి రేడియేషన్ ఉండదు.

ఇప్పటి పిల్లలకు ఒక మంచి కబురు కూడా ఉంది. వెన్నులోకి నేరుగా ఎక్కించే మెథోట్రెక్సేట్ వంటి మందులతో మెదడు చుట్టూ దాక్కున్న కణాలను చంపడం డాక్టర్లు నేర్చారు. తలకిచ్చే మోతాదు 24 నుంచి 18కి, 12కి తగ్గుతూ వచ్చింది. 2009లో అదే సెయింట్ జూడ్ ఆసుపత్రి, తల రేడియేషన్ లేకుండానే లుకేమియా పిల్లలను బతికించవచ్చని చూపించింది. మెదడులోనే గడ్డ ఉన్న పిల్లలకు మాత్రం రేడియేషన్ ఇప్పటికీ చాలాసార్లు తప్పదు.

మరి చిన్నప్పుడు పెట్టించుకున్నవాళ్ళు ఇప్పుడేం చేయాలి? ఏ బాధా లేనివాళ్ళందరూ క్రమం తప్పకుండా ఎమ్మారై తీయించుకోవాలా అన్నదాని మీద 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి కూర్చుని, అందరికీ తప్పనిసరి అనడానికి తగిన ఆధారం లేదని, డాక్టరూ మనిషీ కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలని చెప్పింది. లక్షణాలు తెలిసి ఉండటం మాత్రం అందరికీ అవసరం. పొద్దున్నే వచ్చి వారాల తరబడి పోని తలనొప్పి, కారణం లేని వాంతులు, చూపు మసక, చెవి వినికిడి తగ్గడం, ఒక కాలో చెయ్యో బలహీనపడటం, మొదటిసారి వచ్చిన మూర్ఛ, మనిషి తీరులో మార్పు. తలకు రేడియేషన్ పెట్టించుకున్నవాళ్ళు ఆగకూడదు. వెళ్ళిన చోట మొదటి మాటగా ఆ సంగతే చెప్పాలి.

చికిత్స పూర్తయ్యేరోజు డిశ్చార్జి కాగితంతో పాటు రేడియేషన్ చీటీ అడిగి తీసుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, శరీరంలో ఏ భాగానికి, మొత్తం ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు అన్నవి అందులో ఉండాలి. మూడు జిరాక్సులు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి చుట్టాలింట్లో, ఒకటి ఫోనులో ఫోటోగా ఉంచుకోండి. ట్రంకుపెట్టెను నమ్మొద్దు, మన హాస్టల్ ట్రంకుపెట్టెల సంగతి మనకు తెలుసు. పాత విద్యార్థుల్లో ఎవరికైనా ఇలాంటి చికిత్స జరిగి ఉంటే, ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో ఇప్పుడే అడగండి. ఆలస్యమైన కొద్దీ దొరకడం కష్టం.

ఖర్చు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో మెదడు ఆపరేషన్లు, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితిని 10 లక్షలకు పెంచారు. వికారాబాద్‌లో, తాండూరులో రైలెక్కి నాంపల్లిలో దిగితే రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి దగ్గరే. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. కాగితాలు పట్టుకుని ఒంటరిగా తిరగడం కష్టం, తోడు కావాలంటే మేమున్నాం. మా ఫోన్ నంబర్లు హాస్టల్ ఆఫీసులో ఇచ్చాం.

మా మిత్రుడి పెద్ద గడ్డను 2014లో తీశారు, రెండో గ్రేడు అని వచ్చింది. చిన్నదాన్ని ఏడేళ్ళు స్కానింగులతో కనిపెట్టుకుని ఉన్నారు. 2021లో పెరగడం మొదలైతే గురిపెట్టే రేడియేషన్ ఇచ్చారు. ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు. షెడ్డులో బండలెత్తే పని మానేసి లెక్కలు రాస్తున్నాడు. ఇద్దరాడపిల్లలు. పెళ్ళికి ముందు దాచిన సంగతి భార్యకు తెలిశాక ఆమె అన్న మాట ఒకటే, "నాకు చెప్తే ఏడు నెలలు ఆగుతుంటినా" అని. ఇప్పుడు ఫైలు ఆమె దగ్గరే ఉంటుంది, బియ్యం డబ్బా పైన, ప్లాస్టిక్ కవర్లో. పోయిన నెల ఎమ్మారై ఫిల్ము కూడా అందులోనే పెట్టింది. తర్వాతి స్కానింగు సంక్రాంతి దాటాక.